మూడు మిల్లీమీటర్ల ఖాళీ

సామ్యుయెల్ అత్జే తుపాకిని గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. బల్ల మీద పెట్టాక కూడా దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ లోయలో అడవిపందుల వేటకు వెళ్ళేవాళ్ళందరికీ అతనే పెద్ద. ఎవరు ఏ బండ వెనక నిలబడాలో, కొమ్ము ఊదితే ఎవరు కదలాలో చెప్పేది అతనే. అలాంటివాడికి ఈవేళ అబెల్ పెలతాన్ తుపాకుల మరమ్మతు కొట్లో తనెక్కడ నిలబడాలో తెలియడం లేదు.

"మీ బావకి కుడికన్ను పోయినట్టే," అన్నాడు చివరికి. "నీమ్ పట్నం ఆసుపత్రిలో తేల్చేశారు. రెండోది దక్కింది."

"చెల్లెలు కబురంపింది."

"వాడేమంటున్నాడో కూడా చెప్పిందా?"

"నువ్వు చెప్పు, వింటాను."

"తూటా గది లోతుగా తొలిచేశావంటున్నాడు. బోల్టు పక్క నుంచి మంట మొహం మీదికి కొట్టిందట." అత్జే టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు పందుల సంగతి తెలుసు గానీ ఇనుము సంగతి తెలీదయ్యా. నువ్వు చూసి చెప్పు. నువ్వేం చెప్తే అదే."

"పేలిన తూటా గుల్ల ఏదీ?"

"ముళ్ళపొదల్లో ఎక్కడో పడుంటుంది. వాడు మొహం పట్టుకుని దొర్లుతుంటే గుల్లలు ఏరుకుంటామా?"

అత్జే వెళ్ళిపోయాక అబెల్ గోనెపట్టా విప్పలేదు. దీపం పెట్టాడు, పొయ్యి రాజేశాడు, ఉల్లిపాయ కోసుకుని రొట్టెతో తిన్నాడు. తింటున్నంతసేపూ బల్లకు వీపు తిప్పి కూర్చున్నాడు.

యుద్ధం పోతూ పోతూ ఆ కొండల్లో చాలా జర్మన్ తుపాకులను వదిలేసి పోయింది. గడ్డివాముల్లో, చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టే రాతిగదుల అటకల మీద, తేనెపెట్టెల కింద ఇరవై ఐదేళ్ళుగా అవి ఉంటూనే ఉన్నాయి. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మల్బరీ మళ్ళకు కట్టిన రాతిగోడలు కూలాయి. మనుషులు వదిలిన చోటికల్లా పందులు దిగి వచ్చాయి. అప్పుడు అందరికీ అటక మీది తుపాకి గుర్తొచ్చింది. కానీ ఫ్రాన్సులో సైన్యం వాడే తూటా పట్టే తుపాకి మామూలు మనిషి ఇంట్లో ఉండకూడదు. చట్టం తుపాకిని చూడదు, తూటాని చూస్తుంది. జర్మన్ సైన్యపు తూటా గుల్ల పొడవు యాభై ఏడు మిల్లీమీటర్లు. తూటా కూర్చునే గదిని ఇంకో మూడు మిల్లీమీటర్లు ముందుకు తొలిస్తే అరవై మిల్లీమీటర్ల వేట తూటా పడుతుంది. అంతే, అది వేట తుపాకి. జెండార్ములు, అంటే ఆ దేశపు పోలీసులు, సలాం కొట్టి పోతారు. యుద్ధానికీ వేటకీ మధ్య దూరం మూడు మిల్లీమీటర్లేనని అబెల్ తొలిరోజుల్లో నవ్వుతూ అనేవాడు. ఆ మాటకు నవ్వడం ముందు వినేవాళ్ళు మానేశారు, తర్వాత అతనూ మానేశాడు.

పని కష్టమైంది కాదు. గొట్టం లోపలిని తొలవడానికి చేత్తో తిప్పే రీమరు, నూనె, ఓపిక. తొలవడం, తుడవడం, కొలవడం, మళ్ళీ తొలవడం. ప్రమాదమల్లా తర్వాతే. పాత పొట్టి తూటా కొత్త గదిలో కూడా దూరుతుంది. బోల్టు మూసుకుంటుంది. పేలుతుంది కూడా. గుల్ల ముందు ఉన్న ఖాళీలోకి ఇత్తడి సాగుతుంది. చాలాసార్లు ఉబ్బి ఊరుకుంటుంది. కానీ యుద్ధకాలపు ఇత్తడి, వయసు మీద పడి పెళుసెక్కిన ఇత్తడి, ఒక్కోసారి చీలిపోతుంది. అందుకే తుపాకి తెచ్చినవాడు ఇంట్లో ఉన్న పాత తూటాలన్నీ తెచ్చి అప్పగిస్తే గాని అబెల్ పనిలో చెయ్యి పెట్టేవాడు కాదు. "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగేవాడు. "ఒక్కటీ లేదు," అనేవాళ్ళు. వంగిన మేకును కూడా సాగగొట్టి దాచుకునే మనుషులు వాళ్ళు. అబెల్ నమ్మినట్టు తలూపేవాడు.

గది ఎక్కువ లోతైనా అంతే. గుల్ల సరైనదే అయినా ముందు ఖాళీ మిగులుతుంది. గది తప్పినా, తూటా తప్పినా, మధ్యలో మిగిలే ఖాళీ ఒకటే. పోయే కన్నూ ఒకటే.

అబెల్‌కు రెండేళ్ళుగా సాయంత్రం వేళ కొలబద్ద మీది గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. కళ్ళు నులుముకుంటే విడిపోతాయి. ఎజాయా వియెల్జోఫ్ తుపాకి అతను చివరిగా తొలిచినవాటిలో ఒకటి. బావ తుపాకి కాబట్టి మరింత శ్రద్ధగా చేసి ఉంటాడు. చేసి ఉంటాడు, అంతే. ఆ రోజు గుర్తు లేదు. చేతులు చేసిన పని తలకు గుర్తుండదు. గుర్తు తెచ్చుకోవాలని చూసేకొద్దీ మనసు ఒక్కోసారి ఒక్కో రోజును తయారుచేసి ఇచ్చింది. ఒక దాంట్లో కిటికీలోంచి ఎండ పడుతోంది, కొలత సరిగా ఉంది. ఇంకో దాంట్లో చీకటి పడుతోంది, అతను కళ్ళు నులుముకుంటున్నాడు. రెండూ నిజంలాగే ఉన్నాయి.

గంధకం కరిగించి గదిలో పోస్తే దాని అచ్చు వస్తుంది. అచ్చు కొలిస్తే తేలిపోతుంది. గంట పని. అతను మూడు వారాలు చేయలేదు.

ఈలోగా అతను తొలిచి ఇచ్చిన తుపాకులు తిరిగి రావడం మొదలుపెట్టాయి. ఎవరూ తలుపు కొట్టలేదు. పొద్దున లేచి చూస్తే బయట గోడకు ఆనించి ఒకటి, మర్నాడు దాని పక్కన ఇంకోటి. మెడలో తాడుకు కాగితం ముక్క, దాని మీద పేరు. వాన పడుతుందని అబెల్ ఒక్కొక్కటీ లోపలికి తెచ్చి వరసగా నిలబెట్టాడు. ఏమీ అడగకుండా జవాబు కోసం వచ్చిన జనంలా అవి గోడవార నిలబడి ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం చెల్లెలు నోయెమీ కొండ దిగి వచ్చింది. గిన్నెలో చెస్ట్‌నట్ చారు తెచ్చింది. అన్నకు చిన్నప్పటి నుంచీ అదంటే ఇష్టమని ఆమె నమ్మకం. అతనికి ఎప్పుడూ ఇష్టం లేదు. ఆ సంగతి చెప్పే సమయం నలభై ఏళ్ళ క్రితమే దాటిపోయింది.

"ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు. మేకల్ని లెక్కబెడితే సగమే కనపడుతున్నాయట. సగం ఖర్చు కలిసొచ్చిందిలే అన్నాను." ఆమె నవ్వలేదు. గోడవార వరసను చూసింది, బల్ల మీది గోనెపట్టాను చూసింది. "చూశావా?"

"ఇంకా లేదు."

ఆమె ఊపిరి వదిలింది. "తొందరేం లేదులే అన్నయ్యా. నీకు వీలైనప్పుడే," అంది. గిన్నె కడిగి ఇవ్వనక్కర్లేదని కూడా చెప్పి గబగబా వెళ్ళిపోయింది.

తన మీద జాలి పడిందనుకున్నాడు అబెల్. ఆ జాలే అతన్ని కుర్చీలోంచి లేపింది.

గొట్టంలో గదికి కాస్త ముందుగా గుడ్డపీలిక బిగించాడు. పాత గరిటెలో గంధకం కరిగించాడు. పసుపుపచ్చగా, పల్చగా, తేనెలా అయ్యాక పోశాడు. కొట్టంతా ఘాటు. కిటికీ తెరిచి, కళ్ళు మండుతుండగా నిలబడ్డాడు. ఆ మంటలో కన్నీళ్ళు రావడం సుఖంగా అనిపించింది. వాటికి కారణం వెతుక్కోనక్కర్లేదు. తర్వాత గొట్టం మూతి వైపు నుంచి కడ్డీతో మెల్లగా తోస్తే అచ్చు అరచేతిలోకి జారింది. వేలంత పొడవు, వేలంత లావు. దాన్ని పట్టుకుని పగటి వెలుతురులోకి నడిచాడు. కొలిచాడు. కళ్ళు మూసుకుని, తెరిచి, మళ్ళీ కొలిచాడు. భూతద్దం పెట్టి మళ్ళీ కొలిచాడు.

గది సరిగ్గా ఉంది. ఎక్కడ ఉండాలో అక్కడ ఆగి ఉంది.

గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. ఎజాయా కన్ను పోయిందని విన్నప్పుడు రాని ఏడుపు, తన కన్ను ఇంకా పనికొస్తుందని తెలిసేసరికి వచ్చింది. దాన్ని అతను స్పష్టంగా చూశాడు. తనలో ఉన్న ఎవరో చిన్నమనిషి గెంతులేస్తున్నట్టు అసహ్యమేసింది. అయినా ఆ గెంతులు ఆగలేదు. టోపీ పెట్టుకుని, అచ్చును చేతిగుడ్డలో చుట్టుకుని, తుపాకిని భుజానికి తగిలించుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.

వియెల్జోఫ్ ఇంట్లో ఎజాయా పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. సగం మొహం తెల్ల గుడ్డ కింద ఉంది. నోయెమీ వెనక దొడ్లో మేకల పాలు పితుకుతోంది. సత్తు బక్కెట్లో పాల ధార పడే చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

"రా బావా. ఇటు కూర్చో, అటు కూర్చుంటే కనపడవు," అన్నాడు ఎజాయా. "ఏంటి, ఎక్కొచ్చావా? ఈ వయసులో?"

అబెల్ చేతిగుడ్డ విప్పి అచ్చును అతని అరచేతిలో పెట్టాడు. ఎజాయా దాన్ని పొయ్యి వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఏంటిది, మిఠాయా?"

"నీ తుపాకి గది."

"ఓహో." బొటనవేలితో దాన్ని నిమిరాడు. "ఎలా ఉంది?"

"సరిగ్గా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. నువ్వు పొట్టి తూటా పేల్చావు, బావా."

ఎజాయా దొడ్డివైపు తల తిప్పాడు. పాల ధార చప్పుడు ఆగలేదు. "మెల్లగా," అన్నాడు. వేళ్ళ మధ్య అచ్చును రెండుగా విరిచాడు, మళ్ళీ విరిచాడు, ముక్కలు పొయ్యిలో వేశాడు. నీలిమంట లేచి ఘాటు వాసన వచ్చింది. అబెల్ ఆపడానికి చెయ్యి చాచలేదు. చాచి ఉండాల్సిందని తర్వాత కూడా అనిపించలేదు.

"తెలుసు నాకు," అన్నాడు ఎజాయా. "పేలినప్పుడే తెలిసింది. ఒంటికన్నుతోనే సంచి తడిమి చూశాను. మూడు పొడుగువి, రెండు పొట్టివి. పొట్టివాటిని వాగులో పారేశాను, వీళ్ళు నన్ను మోసుకొచ్చే ముందే."

"అన్నీ తెచ్చిచ్చానన్నావు."

"గీసినవి ఉంచుకున్నాను. యుద్ధం అయిన కొత్తలో మొనలు ఆకురాయితో గీసి పెట్టాను గుర్తుందా, పందికి తగిలితే విచ్చుకోవాలని. రెండు చలికాలాలు కూర్చుని గీశాను. పారబుద్ధి కాలేదు. బిస్కట్ల డబ్బాలో వేసి అరలో పెట్టాను."

అబెల్‌కు అర్థమైంది. మొన అలా గీసిన తూటాకూ, సీసం మొన ఉన్న వేట తూటాకూ పైచూపుకు తేడా ఉండదు. పక్కపక్కన నిలబెట్టి చూస్తే తప్ప.

"కొత్తవాటి కాగితం పెట్టె చెమ్మ పట్టిందని ఇది వాటిని కూడా ఆ డబ్బాలోనే పోసింది," అన్నాడు ఎజాయా. ఇది అన్నప్పుడు గడ్డంతో దొడ్డివైపు చూపించాడు. "ఇల్లు సర్దుతుందిగా పాపం. ఆ ఆదివారం సంచి నింపింది. ఎప్పటిలాగే."

వియెల్జోఫ్ ఇంట్లో వేటకు వెళ్ళే మగవాడు తూటాల సంచి తను నింపుకోడు. కాల్చని చెయ్యి నింపాలి. ఎజాయా వాళ్ళమ్మ నింపేది, ఆమె పోయాక నోయెమీ నింపుతోంది. ఆ ఇంటి ఆచారం మీద లోయంతా జోకులు వేసేది.

"నేనే పొరపాటున పెట్టుకున్నానని చెప్పొచ్చుగా."

"ఆ సంచి ఎవరు నింపుతారో పందిపిల్లలకి కూడా తెలుసు. తూటా అన్నానంటే దాని పేరు చెప్పినట్టే."

"గది అన్నావంటే నా పేరు చెప్పినట్టు."

"ఊఁ."

"మరి నా పేరు ఏం కావాలి?"

ఎజాయా ఉన్న కంటితో అతన్ని చూశాడు. "నీ పేరుతో నువ్వేం చేసుకుంటావు బావా? నీ తర్వాత పెట్టుకునేవాడెవడూ లేడు. కొట్టు మూసేస్తాను మూసేస్తానని పదేళ్ళుగా మా బుర్రలు తింటున్నావు. మీ చెల్లెలు ఇంకా ఇరవై ఏళ్ళు నా మొహం చూస్తూ గంజి పొయ్యాలి. ఈ గుంట చూస్తూ. నీ వల్ల పోయిందనుకుంటే నిన్ను తిట్టుకుంటుంది, నాకు పోస్తుంది. దాని వల్ల పోయిందనుకుంటే?"

అబెల్‌కు కోపం రావాల్సిన చోట అలసట వచ్చింది. ఎజాయా లెక్క సరైందే కావడం వల్ల వచ్చిన అలసట అది. తన బతుకును పక్కింటివాడు ఎత్తి తూచి, తేలికగా ఉంది, ఇది పోయినా ఫర్వాలేదు అన్నట్టుంది. తను కూడా ఒంటరిగా ఉన్నప్పుడు చాలాసార్లు అదే తూకం చూశాడు. కానీ ఇంకొకడి నోట వినడం వేరు.

"గోడకి ఆనించి పోతున్నారు అందరూ," అన్నాడు. "వాళ్ళకేం చెప్పను?"

"చూసి ఇచ్చెయ్. చూడ్డం వచ్చుగా నీకు."

అబెల్ లేచాడు. తుపాకిని అక్కడ వదిలేయాలనుకుని, మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. చెప్పేస్తాను అనుకున్నాడు. అబద్ధం మోసే ఓపిక లేదు నాకు, నిజమైతే చెప్పి దింపేసుకోవచ్చు. ఆ లోయలో అందరూ ప్రొటెస్టెంట్లు. పాపం చెవిలో వేసుకుని పంపించే ఫాదర్లు లేరు. ఎవడిది వాడు దేవుడి దాకా మోసుకుపోవాల్సిందే. అందుకే అందరి నడకా కాస్త వంగినట్టుంటుందని ఎప్పుడో అనుకున్నాడు. తన వీపు మీద ఇంకొకరిది కూడా ఎందుకు?

నోయెమీ దొడ్డి గుమ్మం దగ్గర పాలబక్కెట్టు పట్టుకుని నిలబడి ఉంది. లోపలి మాటలు విందేమోనని అతను ఆమె మొహంలోకి చూశాడు. విన్న మొహంలా లేదు. ఆమె అతని వైపు చూడకుండా పాల వైపు చూసింది.

"చూశావా?"

"చూశాను."

ఏం తేలిందని ఆమె అడగలేదు. పాల మీద చిన్న చిన్న వలయాలు లేచి అంచులకు కొట్టుకుంటున్నాయి. అబెల్ ఆ వలయాలను చూశాడు. చూస్తూ చూస్తూ, మొన్న ఆమె తొందరేం లేదని ఎందుకు అందో, అంత గబగబా ఎందుకు వెళ్ళిపోయిందో అర్థం చేసుకున్నాడు. మూడు వారాలుగా తనొక్కడే అనుకున్నాడు. ఈ పని నా చెయ్యి చేసిందా అని రాత్రిళ్ళు అరచేతిని దీపం కింద పెట్టుకుని చూసుకున్నది తనొక్కడే అనుకున్నాడు. కొండ మీద ఈమె కూడా తన అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు.

"గది లోతైంది," అన్నాడు. "నేనే. కన్ను సరిగా లేదు నాకు."

నోయెమీ బక్కెట్టు కింద పెట్టింది. పక్కనున్న రాతిగోడ మీద కూర్చుంది. కొంగలా మెడ చాచి గాలి పీల్చుకుంది.

"సంచి నింపింది నేనే కదా," అంది తర్వాత. "డబ్బాలో కలిపానని... రోజూ రాత్రి మనసులో ఒక్కో తూటా తీసి చూసుకుంటున్నా, అన్నయ్యా. ఇది పొడుగా, ఇది పొట్టా అని. తెల్లారేదాకా."

"నీ వల్ల కాదు."

"కచ్చితంగా?"

"కొలిచాను."

ఆమె మొహం కడుక్కున్నట్టు రెండు చేతులతో రుద్దుకుంది. చేతులు తీసేసరికి ఆ మొహం వేరేగా ఉంది. అబెల్ అందుకు సిద్ధంగా లేడు.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అంది. గొంతు పెంచలేదు. "గంట పనన్నావు ఒకప్పుడు నువ్వే. మూడు వారాలు ఏం చేశావు అక్కడ కూర్చుని? నేను చారు పట్టుకొచ్చినప్పుడు కూడా ఇంకా లేదన్నావు. నేను చచ్చిపోతున్నాను ఇక్కడ, తెలుసా నీకు? ఆయన నా చేతి ముద్ద తింటుంటే చూడలేక పక్కకి తిరుగుతున్నాను. నీకు కళ్ళు లేవని నీకు తెలుసు. తెలిసి కూడా ఆయన తుపాకి పట్టుకున్నావు."

"తప్పే."

"తప్పే అంటాడు మళ్ళీ. ఇంకోసారి ఆ కొట్టు తెరిచావంటే నేనే వచ్చి తాళం వేస్తాను. పో అన్నయ్యా. నీ మొహం చూడలేను ఇప్పుడు. పో."

ఆమె బక్కెట్టు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. నడక తేలికగా ఉంది. పాలు తొణకలేదు.

అబెల్ దారి పట్టాడు. కింద కొట్లో గోడవార నిలబడ్డ తుపాకులు గుర్తొచ్చాయి. వాటన్నిటికీ అచ్చులు తీయాలి. అన్నీ సరిగ్గానే ఉంటాయి. అప్పుడు ఒక్క బావ తుపాకే ఎందుకు తప్పిందని అత్జే అడుగుతాడు. ఆ రోజు జ్వరం అని చెప్పాలి. ఏ జ్వరం, ఎన్నాళ్ళు, ఎవరు కషాయం ఇచ్చారు అని వాళ్ళావిడ అడుగుతుంది. జ్వరాన్ని కూడా మొదటి నుంచి తయారుచేసుకోవాలి. ఒక్క తుపాకి పొడవుకు సరిపోతుందనుకున్న అబద్ధం ఇప్పటికే లోయ సగం దాకా సాగింది.

వెనక ఇంట్లోంచి నోయెమీ గొంతు వినిపించింది. "విన్నావా, ఒప్పుకున్నాడు. వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు."

తర్వాత ఎజాయా అందుకున్నాడు. గుడ్డి నాకొడుకు అన్నాడు. చెవిటి గాడిద అన్నాడు. పెలతాన్ వంశంలో ఒక్కడికీ సూటిగా గీత గీయడం రాదన్నాడు, వాళ్ళ తాత కట్టిన గోడ కూడా వంకరే అన్నాడు. తాత పేరు తీసేసరికి నోయెమీ మధ్యలో ఏదో అంటూ అడ్డం వచ్చింది. అది నా తాత కూడా అనేమో. అతను ఇంకా గొంతు పెంచాడు. ఆ మనిషికి తిట్టడం మొదటి నుంచీ బాగా వచ్చు. ఈవేళ మరీ బాగా వచ్చింది. ప్రతి మాటా లోపల ఉన్న మనిషికి వినపడాలని, బయట నడుస్తున్న మనిషి ఆగి వెనక్కి రాకూడదని తిడుతున్నాడు.

దారి మలుపు తిరిగాక మాటలు పోయి గొంతొక్కటే మిగిలింది. అబెల్ తుపాకిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. దిగేటప్పుడు మోకాళ్ళు ఎక్కేటప్పటికన్నా ఎక్కువ నొప్పెడతాయి. రాయి మీద కాసేపు కూర్చుందామా అనుకున్నాడు. కూర్చుంటే లేవడం ఉంటుంది కదా అని, నడుస్తూనే ఉన్నాడు.